మంచి రిపోర్టు

"ఆ డబ్బీ మీ నాన్నది కాదే," అంది పైడమ్మ.

పొద్దున్నించీ ఆమె నోరు విప్పడం ఇదే మొదలు. భర్త బాత్‌రూమ్‌లో పడిపోయినప్పుడు అరవలేదు. కొడుకూ, పక్క క్వార్టర్ వాళ్లూ కలిసి ఆటోలోకి ఎక్కించినప్పుడు ఏడవలేదు. ఆసుపత్రి వరండాలో కూతురి పక్కన కూర్చుని, కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ, ఇంత ఎండ ఎక్కేదాకా మౌనవ్రతం పట్టింది. పట్టిన మనిషి ఇప్పుడీ మాటతో విడిచింది.

"ఏ డబ్బీ అమ్మా?" అంది లహరి. టిఫిన్ డబ్బీ సంగతి అనుకుంది పాపం.

"అదేనే. మూతకి సిన్న సెంచా ఉంటాది కాదేటి. పరీక్షకని నువ్వట్టుకెళ్లినావే, ఆ డబ్బీ. అందులోది మీ నాన్నది కాదు. నాది."

లహరి అమ్మ ముఖంలోకి చూసింది. పైడమ్మ కొంగు ముడిలోకి చూసింది.

ఆ డబ్బీతోనే కదా ఇంత సంబరం జరిగింది! ఈ ఆసుపత్రిలోనే డాక్టర్ చంద్రాకర్ పెద్దపేగు జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. పేగు లోపల పుళ్లు పడి, నెత్తురూ జిగురూ కలిసి పోయే జబ్బు అది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. దానికొక కొత్త మాత్ర వచ్చింది. ఒప్పుకున్న రోగులకు ఆ మాత్ర ఇచ్చి, ఎవరికి తగ్గింది, ఎవరికి తగ్గలేదు అని చూడటం ఆయన పని. వాళ్లకు వారం వారం ఫోన్ చేసి, మంచిచెడ్డలు అడిగి, డబ్బీల్లో మలం తెప్పించి పరీక్షకు పంపడం లహరి పని. అందరిలోకీ మంచి రిపోర్టు లహరి తండ్రికి, గూడ్సు బండి డ్రైవర్ తాతయ్యకు వచ్చింది. పేగులో వాపన్నదే లేదట. ఆ రోజు డాక్టర్ తన వాళ్లందరికీ జిలేబీ తెప్పించాడు.

లహరి తన వాటా జిలేబీ ఇంటికి తీసుకెళ్లింది. తాతయ్య ఒక ముక్క కొరికి, బాగుందమ్మా అని పక్కన పెట్టాడు. పైడమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు. ఎందుకు రాలేదో లహరికి ఇప్పుడు తెలిసింది.

మంచి రిపోర్టే మరి. పైడమ్మ పేగులకేం, రాళ్లు తిని హరాయించుకోగలవు.

"ఎందుకమ్మా?" అంది లహరి.

"నానేటి సెయ్యనే? మీ నాన్న బతిమాలినాడు. 'పైడీ, ఇది మన లహరి గుంట ఉద్యోగమే. నాది బాగోలేదని వస్తే దాని మందు పని సెయ్యనట్టు. అందరిలో దాని పరువు పోద్ది. ఈ ఒక్కసారి సాయం సెయ్యి' అన్నాడు. పెళ్లయిన కాణ్ణించి మీ నాన్న నన్ను సాయమడిగింది అదొక్కసారే. ఎలగ కాదంతాను?"

"నెత్తురు పడతానే ఉందా?"

"ఆగిందెప్పుడని?"

"నీకు తెలుసా?"

"బట్టలుతికేది నాను. నాకు తెలీకుండా ఉంటాదేటే?"

"ఒక్క మాట నాకు చెప్పలేకపోయావా అమ్మా!"

"కడుపు సించుకుంటే కాళ్ల మీద పడతాదే," అంది పైడమ్మ. అప్పటిదాకా లేని ఏడుపు ఆ మాటతో వచ్చింది. "మాత్ర ఏసుకుంటన్నాడు కదా, ఏళకి తగ్గుతాదిలే అనుకున్నాను. మందు మన పిల్లదే కదా అనుకున్నాను."

లహరికి అమ్మ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. అమ్మ చేసిన తప్పుకు ముందు తను చేసినది ఒకటుంది.

మొదట రైల్వే ఆసుపత్రికి వెళ్దామంటే తాతయ్య ఒప్పుకోలేదు. ఇలాంటి జబ్బుందని తెలిస్తే బండి దింపేస్తారు, ఏ స్టేషన్లోనో కుర్చీలో కూర్చోబెడతారు. ఇంజనెక్కని డ్రైవర్ పెళ్లి చేయించని పురోహితుడితో సమానమని ఆయన నమ్మకం. పేరుకు తాతయ్యే గానీ ఇంకా మనవడిని ఎత్తలేదు, రిటైరవడానికీ ఇంకా టైముంది. అప్పుడు లహరికొక ఆలోచన వచ్చింది. డాక్టర్ చంద్రాకర్ పరిశోధనలో చేర్పిస్తే మందూ దొరుకుతుంది, రైల్వేకూ తెలియదు. అయితే పనిచేసేవాళ్ల ఇంటి మనుషుల్ని అందులో చేర్చకూడదు. చేర్చకూడదంటే తెలిస్తేనే కదా! ఇంటిపేరు పొట్టి చేసి ఒక్క అక్షరం రాసుకునే అలవాటు మనది. ఆ అక్షరం చూసి ఎవరు ఎవరికేమవుతారో పోల్చుకోవడం రాయపూర్‌లో ఎవరికి చేతనవుతుంది? లహరి తండ్రిని తనకేమీ కాని మనిషిగా రాయించింది.

ఆ తరవాత వారం వారం ఫోన్లు. పక్క బల్లల దగ్గర తోటివాళ్లు ఉంటారు కనుక, ఈ వారం నెత్తురు పడిందా అని హిందీలో, పరాయి మనిషిని అడిగినట్టే అడిగేది.

"తాతయ్యజీ, ఇస్ హఫ్తే ఖూన్ ఆయా క్యా?"

"నహీఁ మేడం. ఆల్ రైట్."

స్టేషన్ దాటేటప్పుడు ప్లాట్‌ఫారం మీది మనిషి పచ్చజెండా ఊపుతాడు, ఇంజన్లోంచి డ్రైవరూ ఊపుతాడు. ఇటు అంతా సరిగా ఉంది, అటూ సరిగా ఉంది, పద అని. వాళ్ల భాషలో దాన్ని ఆల్ రైట్ అంటారు. జీవితమంతా ఆ జెండా ఊపిన మనిషి కూతురికీ అదే ఊపాడు. లహరి సంతోషంగా రాసుకుని తరవాతి నంబరు కొట్టేది.

మిగతా వాళ్లనైతే లహరి అంత తేలిగ్గా వదిలేది కాదు. సిగ్గుపడే ఆడవాళ్లను పక్కకు తీసుకెళ్లి, నెమ్మదిగా, నాలుగు రకాలుగా అడిగి నిజం రాబట్టేది. ఆ ఓపికకే డాక్టర్ ఆమెను మెచ్చుకునేవాడు. సొంత తండ్రి దగ్గర ఆ ఓపిక లేకపోయింది. సాయంత్రం అదే ఇంట్లో, అదే కంచం ముందు, ఆయన అన్నం కలిపి సగంలో లేచిపోతుంటే కూడా, రిపోర్టు బాగుంది కదా అనుకుంది.

యుగంధర్ మందుల సంచితో మెట్లెక్కి వచ్చాడు. లహరికి అన్న. ధర్సీవా అవతల ఇనుము ఫ్యాక్టరీలో పని. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికే తండ్రి నేల మీదున్నాడు. ఆ నల్లటి యూనిఫాం మీదనే ఉన్నాడు ఇంకా. తల్లి ఏడవడం చూసి ఆగాడు.

"ఏటయింది? డాక్టరేమన్నాడు?"

లహరి చెప్పింది. దాచలేదు. దాచడంలోని సుఖం అప్పటికే చాలా చూసింది.

యుగంధర్ సంచి బెంచీ మీద విసిరేశాడు. "అరే, నీకు ప్రయోగం చెయ్యడానికి మన నాన్నే దొరికాడేటే? ఎలకలు అయిపోయాయా?"

"ఒరే, నెమ్మది," అంది పైడమ్మ.

"నువ్వుండమ్మా! నువ్వు చేసిన పనికి నిన్నేమనాలో కూడా నాకు తెలీడం లేదు. అప్పుడే చెప్పాను, నాగపూర్ తీసుకెళ్లిపోదాం, రైల్వేకి తెలిస్తే తెలిసింది, అంతే అని. విన్నారా ఎవరైనా? 'మా ఆసుపత్రి, మా మందు, మా డాక్టర్.' ఇప్పుడు పిలు మీ డాక్టర్ని!"

"పిలుస్తాను," అంది లహరి.

"పిలిచి ఏటి చెప్తావు? మా అమ్మది ఇచ్చామని చెప్తావా?"

యుగంధర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వరండాలో ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది.

అంతలో డాక్టర్ చంద్రాకరే అటు వచ్చాడు. ఆయనది హిందీ. మాట తీరు మెత్తన.

"లహరీ, మన డ్రైవర్ సాబ్ తాలూకు మనుషులు వీళ్లేనా? భయపడవద్దని చెప్పు. పొట్ట ఉబ్బింది నిజమే. కానీ ఇది పాత జబ్బు కాదు. మొన్ననే కదా రిపోర్టు అంత శుభ్రంగా వచ్చింది. డ్యూటీలో ఎక్కడో చెడ్డ తిండి తిని ఉంటాడు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. రేపటిదాకా చూద్దాం."

"సర్, ఒకవేళ పాత జబ్బే అయితే?"

"అయితే నేను రేపటిదాకా ఆగను," అన్నాడాయన నవ్వుతూ. "పుళ్లు మానకుండా పేగు ఇలా ఉబ్బితే నానిన కాగితమే. ఎప్పుడు చిల్లు పడుతుందో చెప్పలేం. ఇప్పుడే కోయించేవాణ్ణి. అదృష్టం, ఆ రిపోర్టు మన చేతిలో ఉంది."

ఆయన ముందుకు సాగిపోయాడు. యుగంధర్ చెల్లెలి వైపు చూశాడు. ఈసారి అతని కళ్లలో కోపం లేదు, భయముంది.

లహరి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

తాతయ్య మెలకువగానే ఉన్నాడు. బండి నడిపి నడిపి నల్లబడ్డ ముఖం ఇప్పుడు బూడిదరంగుకు తిరిగింది. దుప్పటి కింద పొట్ట ఎత్తుగా ఉంది. కూతుర్ని చూసి, లేచి కూర్చోబోయి, లేవలేకపోయాడు.

"అమ్మ చెప్పేసింది నాన్నా."

ఆయన కప్పు వైపు చూశాడు. "దాని కడుపులో ఆవగింజ దాగదు," అన్నాడు.

"డాక్టర్‌గారికి చెప్పాలి."

"సెప్పకు."

"చెప్పకపోతే ఆయన తప్పుడు మందు ఇస్తారు. నీ పేగుకి చిల్లు పడుతుంది. అర్థమవుతోందా?"

"నీ ఉద్యోగం పోద్ది. అది నీకు అర్థమవుతాందా?" ఆయాసం వచ్చి ఆగాడు. "నానెలాగో ఉంటానులే. దీనికన్నా పెద్ద నొప్పితో సిగ్నల్ సిగ్నల్‌కీ బండి ఆపి తెచ్చినోణ్ణి."

"నాన్నా, నీ వెనకాల బండిలో ఎన్ని పెట్టెలుండేవి! నువ్వు పడిపోయుంటే?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసుకునే మెల్లగా అన్నాడు.

"నువ్వు ఫోన్‌లో మేడంలాగ అడుగుతా ఉంటే ఎంత బాగుండేదనుకున్నావు! మా లహరేనా ఇది అనిపించీది. శనివారం కోసం సూసీవోణ్ణి. మీ అమ్మకి వినిపించేలాగ పెట్టీవోణ్ణి కూడాను. అలగడిగే పిల్లకి నెత్తురూ జిగురూ అని ఎలగ సెప్తానే? ఎత్తుకుని పెంచిన పిల్లవి. ఇంకోళ్లెవరైనా అడిగుంటే సెప్పీవోణ్ణేమో."

లహరి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంకొకరెవరైనా. ఆ గదిలో ఉన్న ఇంకే నర్సయినా, పక్క బల్ల దగ్గరి ఇంకే పిల్లయినా అడిగి ఉంటే చాలు. తండ్రిని దాచుకుని కాపాడుకుంటున్నాననుకుంది. చివరికి ఆయన నోరు మూయించిన మనిషి తనే అయింది. ఈ బాధకు ఎవరి మీదా నేరం మోపడానికి లేదు.

"నేను చెప్పేస్తున్నాను నాన్నా," అంది. ఆయన ఏదో అనబోతుండగానే బయటికి వచ్చేసింది. ఆగితే మళ్లీ ఆయన మాట వింటానని భయం.

డాక్టర్ గదిలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. డబ్బీలోది ఆయన భార్యదని చెప్పింది. నెత్తురు ఒక్కనాడూ ఆగలేదని చెప్పింది. హిందీలో అమ్మ మాటలు చెప్పడం వింతగా అనిపించింది, అవి వేరే ఎవరో చేసిన పనుల్లా వినిపించాయి.

డాక్టర్ చంద్రాకర్ ముఖంలో నవ్వు పోయింది. "భార్య ఇచ్చిందని నీకెలా తెలుసు? నీకు ఆయనేమవుతాడు?"

"మా నాన్న, సర్."

ఆయన ఆమెను తిట్టలేదు. ముందు ఫోనెత్తి సర్జన్‌తో మాట్లాడాడు. మళ్లీ ఎక్స్‌రే తీయమన్నాడు, రక్తం సిద్ధం చేయమన్నాడు, థియేటర్ ఖాళీ చేయించమన్నాడు. అన్నీ అయ్యాక ఫోన్ పెట్టేసి, కళ్లజోడు తీసి బల్ల మీద ఉంచాడు. తిడితే బాగుండునని లహరి అనుకుంది.

"నీకన్నా బాగా రోగుల చేత నిజం చెప్పించే మనిషి నాకు దొరకలేదు," అన్నాడు చివరికి. "అందుకే ఆయన విషయంలో నేను రెండోసారి అడగలేదు. నీ మాట చాలనుకున్నాను."

"తప్పయింది సర్."

"నాదీ ఉంది. మంచి రిపోర్టు వచ్చేసరికి జిలేబీ తెప్పించాను, మనిషిని పిలిచి పొట్ట నొక్కి చూడలేదు." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "లహరీ, తిల్దా వాళ్లు ఇవాళే కదా రావడం?"

లహరి పొద్దున్నించీ ఈ గొడవలో ఆ మాటే మరిచిపోయింది.

తిల్దాలో ఒక రైసు మిల్లు గుమాస్తా ఉన్నాడు. సత్తిరాజు అని, గోదావరి వైపు మనిషి. ఆయన కూతురు సాయిలక్ష్మికి ఇదే జబ్బు. ముదిరిపోయింది, ఆపరేషన్ చేయించుకోమని పెద్ద డాక్టర్లందరూ చెప్పారు. కూతురి పొట్టకు మలం పడే సంచి తగిలించడానికి సత్తిరాజుకు మనసొప్పలేదు. కొత్త మాత్ర వాడదామా అంటే భయం. అటూ ఇటూ కాక కొట్టుకుంటుంటే, తెలుగులో ధైర్యం చెప్పింది లహరే. 'ఇక్కడొక రైలు డ్రైవర్‌గారున్నారు. పూర్తిగా నయమైపోయింది. హాయిగా బండి నడుపుతున్నారు' అంది. ఆ ఒక్క మాటతో ఆయన ఆపరేషన్ వద్దన్నాడు.

"మందు మంచిదో కాదో ఇప్పుడు నాకూ తెలియదు," అన్నాడు డాక్టర్. "తెలియకపోవడం మా పనిలో తప్పు కాదు. తెలుసని చెప్పడం తప్పు. నువ్వు వాళ్లకు చెప్పిన మాట నువ్వే వెనక్కి తీసుకో. మొదటి మాత్ర ఇవాళే. వెళ్లు."

వరండాలోకి వచ్చేసరికి తాతయ్యను చక్రాల మంచం మీద థియేటర్‌కు తోసుకెళ్తున్నారు. పైడమ్మ ఒక పక్క, యుగంధర్ ఒక పక్క నడుస్తున్నారు. సర్జన్ అన్నీ చెప్పేసినట్టున్నాడు. పెద్దపేగు తీసేస్తారనీ, పొట్టకు సంచి ఉంటుందనీ.

తాతయ్య కూతుర్ని చూశాడు. "సెప్పీసావా?"

"చెప్పేశాను నాన్నా."

"అయితే ఇంక బండి ఎక్కనన్న మాట," అన్నాడు. కోపంగా అనలేదు. పక్కవాళ్ల సంగతి ఏదో అడిగినట్టు అన్నాడు.

లహరి ఆయన వెంట నడవబోయింది. యుగంధర్ ఆపాడు. "నువ్వెక్కడికో వెళ్లాలన్నారంట డాక్టర్. వెళ్లు. నేనున్నాను." ఆ మాటలో క్షమించడం లేదు, వెలివేయడం కూడా లేదు. తలుపులు మూసుకున్నాయి. లోపల తండ్రి బతుకుతాడో లేదో తెలియకుండా, ఆ తలుపులకు వీపు తిప్పి మెట్లు దిగడం ఎంత కష్టమో దిగినవాళ్లకే తెలుస్తుంది.

కింద, పరిశోధన రోగులు కూర్చునే చోట, సత్తిరాజు ముందే లేచి నిలబడ్డాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, గుడికి వచ్చినట్టు వచ్చాడు. సాయిలక్ష్మి బాగా చిక్కిపోయింది, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అయినా ముఖంలో వెలుగుంది. ఒళ్లో మాత్రల సీసా ఉంది. నర్సు అప్పటికే ఇచ్చేసినట్టుంది.

"అక్కా, మీరొచ్చేదాకా వేసుకోనని కూర్చున్నానండి," అంది.

"ఆ డ్రైవర్‌గారు ఇవాళేమన్నా వస్తారేంటమ్మా?" అన్నాడు సత్తిరాజు. "ఒక్కసారి కళ్లతో చూస్తే మా అమ్మాయికి ధైర్యంగా ఉంటదండి. నిజం చెప్పొద్దూ, నాక్కూడానూ."

లహరి ఆ పిల్ల పక్కన కూర్చుంది. మెట్ల మీద నుంచి దిగుతూ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఎంతో కూర్చుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. నిజం ఏ కొస నుంచి చెప్పినా నిజమే కదా అనుకుని, అన్నిటికన్నా ముందు దాచినదే ముందు చెప్పింది.

"ఆ డ్రైవర్‌గారు మా నాన్నండీ."

సత్తిరాజు ముఖం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మీ నాన్నగారా! ఇంతకాలం చెప్పలేదేంటమ్మా! కన్నతండ్రికే ఇచ్చుకున్న మందంటే ఇంక నేను ఎవర్నీ అడగక్కర్లేదు." కూతురి వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "విన్నావా అమ్మా? ఇంకెందుకు ఆలోచన, వేసేసుకో."

సాయిలక్ష్మి నవ్వుతూ సీసా వంచి మాత్ర అరచేతిలో వేసుకుంది.